బెంచీ మీద ఇన్‌స్పెక్టరు

మా షాపులో కుర్చీలు రెండే. ఒకటి నాది, రెండోది మా వాడిది. గోడ వారన పొడవాటి బెంచీ ఒకటి ఉంటుంది. వచ్చినవాళ్ళు వచ్చిన వరసలో దాని మీద కూర్చుంటారు. కోటు వేసుకుని వచ్చినా, బస్తాలు దించి చెమటలతో వచ్చినా, ముందొచ్చినవాడికే ముందు కటింగ్. ఈ ఒక్క విషయంలో నేను మొండిఘటాన్ని. మా ఆవిడనడిగితే మిగతా అన్ని విషయాల్లోనూ అంతేనంటుంది, ఆవిడ మాట అలా ఉంచండి.

మా పనికి చేతులెంత అవసరమో నోరూ అంతే అవసరం. గడ్డానికి నురుగు పట్టించి, కత్తి పట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా నిలబడే మనిషిని చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. నాలుగు కబుర్లు చెబితే మెడ వదులవుతుంది, గీయడం సుళువవుతుంది. మా వాడు ఈ విద్యలో నన్ను మించిపోయాడు. నా కుర్చీ ఖాళీగా ఉన్నా, వాడి కబుర్ల కోసం జనం బెంచీ మీద నుంచి లేచేవాళ్ళు కాదు. తండ్రిగా పొంగిపోవాలో, తోటి పనివాడిగా ఏడవాలో నాకు తెలిసేది కాదు.

అలాంటివాడి నోటికి తాళం పడింది. వేసింది పోలీసులు. మా వీధిలో సైకిల్ షాపు షట్టర్ విరగ్గొట్టినప్పుడు, తాను చూసింది చెబుదామని మా వాడే తన కాళ్ళతో స్టేషన్‌కి వెళ్ళాడు. "అందరూ నిద్రపోతుంటే నువ్వొక్కడివే ఎలా చూశావ్?" అని వాణ్ణే లోపల వేశారు. మర్నాడు సాయంత్రం వదిలేశారు. వదిలేశారంటే, ఇక పో అన్నారు, అంతే. ఇంటికొచ్చాడు, స్నానం చేశాడు, పడుకున్నాడు. ఏం జరిగిందిరా అని వాళ్ళమ్మ ఎన్నిసార్లు అడిగినా గోడకేసి తిరిగాడు. అప్పటి నుంచి అడిగినదానికి ఊ, ఊహూ. షాపు మెట్టు మీద ఖాకీ కనబడిందంటే కత్తెర కింద పెట్టి వెనకగదిలోకి వెళ్ళిపోయేవాడు. "ఇంట్లో వాడి గొంతు వినబడి ఎన్నాళ్ళయిందండీ" అని మా ఆవిడ గిన్నెలు తోముతూ అనేది. నాకు మాత్రం ఏం తెలుసు?

ఇక నేను చెప్పేది ఆ తరవాతి వేసవి సంగతి. ఎండలు ముదరగానే మళ్ళీ షట్టర్లు విరగడం మొదలైంది. ముందు బట్టల కొట్టు, తరవాత మెకానిక్ షెడ్డు. వీధిలో అందరికీ ఎంతో కొంత తెలుసు. స్టేషన్‌కి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పినవాడి గతి ఏమైందో రెండో కుర్చీ దగ్గర నిలబడి కనిపిస్తూనే ఉన్నాడు కదా.

అప్పుడే స్టేషన్‌కి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇంకా ముప్పై దాటినట్టు లేడు. ఒక మధ్యాహ్నం జనం లేని వేళ చూసి షాపులోకి వచ్చాడు. మా వాడు వెనకగదిలోకి జారుకున్నాడు.

"పెద్దాయనా, మీ దగ్గరికి రానివాళ్ళంటూ ఉండరు. ఏదన్నా మీ చెవిన పడితే మా చెవిన వేయండి" అన్నాడు. మర్యాదగానే అడిగాడు.

"సార్, ఈ కుర్చీలో విన్నది ఈ కుర్చీలోనే ఉంటుంది. మా నాన్న దగ్గర నేర్చుకున్న పని ఇది. జుట్టు ఊడ్చి బయట పోస్తాం గానీ, మాటలు బయట పోయం" అన్నాను.

"మరి ఈ వీధి మాట నాకెలా వినబడుతుంది?"

"బెంచీ ఉంది కదా సార్. వచ్చి కూర్చోండి, మీరే వినండి."

నవ్వి, తలకాయ ఊపి వెళ్ళాడు. అర్థమైందనుకున్నాను. ఏమర్థమైందో ఆ వారాంతానికి తెలిసింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు నిచ్చెన వేసుకుని వచ్చి, నేను ఎవరికో చెవుల పక్కన సర్దుతుండగానే నా షాపు నుదుటి మీద ఒక నీలం బోర్డు బిగించారు. "ఈ షాపు పోలీసు నేస్తం" అని రాసి ఉంది, పక్కనే చేయీ చేయీ కలిపిన బొమ్మ. "మొత్తం ఊళ్ళో మీదే మొదటిది!" అని ఒక కానిస్టేబులు నాకు షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చి పోయాడు. పాపం, నన్ను గౌరవించామనే అనుకున్నారు.

మర్నాటి నుంచి షాపులో ఈగలు. బట్టలు కుట్టే దర్జీ నా షాపుకి ఎదురు వరసలోనే ఉంటాడు, రోజు విడిచి రోజు గడ్డం గీయించుకోకపోతే తోచదు ఆయనకి. అలాంటి మనిషి గడ్డం పెంచడం మొదలుపెట్టాడు. అదేమని కేకేసి అడిగితే, "చర్మానికి మంచిదని డాక్టరు చెప్పాడు బావా" అని కుట్టుమిషన్ కేసి చూస్తూ నీళ్ళు నమిలాడు. బడి మాస్టారు అవతలి ఫుట్‌పాత్ మీద నుంచి, ఎన్నడూ చూడనట్టు ఆకాశం చూసుకుంటూ పోయాడు. పండ్ల బండి ఆవిడ, రోజూ నా షాపు నీడలోనే బండి పెట్టుకునేది, దాన్ని పది గజాలు అవతలికి జరిపి ఎండలో నిలబడింది.

ఇవన్నీ ఒక ఎత్తు. సాయంత్రం మా వాడు చీపురు పక్కన పెట్టి, చాలా రోజుల తరవాత నాతో ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు.

"నాకు దొంగ అని పేరు పెట్టారు. నీకు నేస్తం అని పెట్టారు. ఏదైనా ఒకటే నాన్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు షాపు తెరవగానే స్క్రూడ్రైవరు పట్టుకుని స్టూలెక్కి బోర్డు ఊడదీశాను. చంకలో పెట్టుకుని, సందుల్లోంచి కాకుండా వీధి నడిబొడ్డు మీదుగా, బొమ్మ అందరికీ కనబడేలా పట్టుకుని స్టేషన్‌కి నడిచాను. దర్జీ మిషన్ ఆపాడు. పండ్లావిడ నోరు తెరిచి చూసింది. నాకు ముక్కు మీద కోపం అంటారు గానీ, ఆ రోజు కోపం ముక్కు దాటి చాలా పైకి వెళ్ళింది.

ఇన్‌స్పెక్టరు టేబుల్ మీద బోర్డు పెట్టాను. "సార్, దీన్ని మీ దగ్గరే ఉంచుకోండి. నేస్తం కావాలంటే స్నేహం చేయాలి, స్క్రూలు బిగించకూడదు."

ఆయన ముఖం పాలిపోయింది. "మీకు మంచి చేద్దామనే..."

"నా బేరం పోయింది. అదలా ఉంచండి, గడ్డాలు ఎన్నాళ్ళు దాస్తారు, వాళ్ళే వస్తారు. మా వాడి సంగతి ఏం చేస్తారు?"

"మీ వాడెవరు?"

అంటే ఆయనకి తెలియదు. ఎవరూ చెప్పలేదు. నిలబడే మొత్తం చెప్పాను, గొంతు పెద్దది చేసే చెప్పాను. గుమ్మం దగ్గర మీసాల హెడ్డు, అదే హెడ్ కానిస్టేబులు, ఉన్నాడు. ఆయన పేరు ఎవరికీ తెలియదు, మీసాలే పేరు. రెండు చెంపల దాకా మెలితిప్పి, నూనె పెట్టి పెంచుకున్న మీసాలవి. నేను చెబుతున్నంతసేపూ ఆయన తన బూట్లకేసి చూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఆయనకేసి చూశాడు, నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"నేను చూస్తాను పెద్దాయనా."

"చూస్తాననేవాళ్ళని చాలామందిని చూశాను సార్" అని వచ్చేశాను.

ఆ ఆదివారం షాపు నిండా జనం. బోర్డు మోసుకెళ్ళిన వార్త పాకి, గడ్డాలన్నీ తిరిగొచ్చాయి. అంతలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఖాకీలోనే ఉన్నాడు గానీ చేతిలో కర్ర లేదు, వెనక బంట్రోతు లేడు. బెంచీ చివర కూర్చున్నాడు. ఒకడికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి, ఇంకొకడికి అత్తగారు గుర్తొచ్చింది. ఒక్కొక్కరే లేచి పోయారు. దర్జీ మాత్రం సగం గీసిన గడ్డంతో నా కుర్చీలో ఇరుక్కుపోయాడు.

దర్జీ గడ్డం పూర్తయ్యేదాకా ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా కూర్చున్నాడు. తరవాత నా కుర్చీలోకి వచ్చాడు, గడ్డం గీయించుకున్నాడు, అందరిలాగే డబ్బులిచ్చి వెళ్ళాడు. వెనకగది తలుపు వారగా తెరిచి ఉండటం ఇద్దరం గమనించాం, ఇద్దరం గమనించనట్టే ఉన్నాం.

మళ్ళీ ఆదివారం వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు. పాలూ అత్తగార్లూ ఎన్నిసార్లని గుర్తొస్తారు? జనం లేవడం మానేశారు. మొదట నోరు విప్పింది పండ్లావిడ. గడ్డం లేని మనిషి, అయినా మెట్టు మీద నిలబడి నడుము మీద చెయ్యి పెట్టింది.

"సార్, మీ మీసాలాయన రోజూ నా బండి మీద పండు తీసుకుని పోతాడు. డబ్బులడిగితే మీసం తిప్పుతాడు. ముందు ఈ దొంగతనం పట్టుకోండి, తరవాత షట్టర్ల సంగతి చూద్దాం."

షాపంతా బిగుసుకుపోయింది. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "పట్టుకుంటానమ్మా" అన్నాడు. మర్నాడు మీసాల హెడ్డు స్వయంగా వచ్చి, ముఖం మాడ్చుకుని, బాకీ మొత్తం ఇచ్చి పోయాడట. బండి మళ్ళీ నా షాపు నీడలోకి వచ్చింది. ఆ తరవాత సందు మలుపులో వెలగని దీపం గురించి మాస్టారు చెప్పాడు, అది వెలిగింది. జీపు వేసుకుని దుమ్ము రేపుకుంటూ పోవడమే గానీ మనుషుల్ని చూడరేమని దర్జీ అన్నాడు, ఇద్దరు కానిస్టేబుళ్ళు కాలినడకన తిరగడం మొదలైంది. కొట్టు కొట్టుకీ ఆగి పలకరించేవాళ్ళు. మొదట్లో వాళ్ళకీ సిగ్గే, మనకీ సిగ్గే.

ఇంత జరిగినా షట్టర్ల మాట ఎత్తితే మాత్రం బెంచీ మూగదైపోయేది. ఇన్‌స్పెక్టరూ అడిగేవాడు కాదు. అతని ఓపిక నాకు నచ్చింది, చెప్పొద్దూ.

అంతలో మందుల షాపు పగిలింది. ఈసారి వట్టి షట్టరు కాదు, కాపలా ముసలాయన తల కూడా పగిలింది. ఆస్పత్రిలో కట్టుతో పడుకున్న ఆయన్ని చూసి వచ్చిన రోజు మా వాడు ముద్ద ముట్టలేదు. కంచం ముందు కూర్చుని, పెదవులు రెండుసార్లు కదిలించి, లేచిపోయాడు. "ఏదో ఉందండీ వాడి గొంతులో. బయటికి రాక చస్తున్నాడు" అంది మా ఆవిడ. నాకూ అలాగే అనిపించింది. అడిగితే ఇంకా లోపలికి పోతుందని భయం వేసి ఊరుకున్నాను.

ఆ ఆదివారం ఇన్‌స్పెక్టరు ఒంటరిగా రాలేదు. వెనక మీసాల హెడ్డు ఉన్నాడు. ఇద్దరూ బెంచీ మీద కూర్చోలేదు. వెనకగది తలుపు దగ్గరికి నడిచారు. నేను నురుగు కుంచె గాల్లోనే ఆపేశాను.

ఇన్‌స్పెక్టరు తలుపుకి చెబుతున్నట్టే చెప్పాడు. "బాబూ, ఆ రోజు మీరు సాక్షిగా వచ్చారు. మా స్టేషన్ మిమ్మల్ని దొంగని చేసింది. తప్పు మాది. లోపల నా గదిలో చెబితే సరిపోదని ఇక్కడికొచ్చి చెబుతున్నాను."

తరవాత పక్కకి జరిగాడు. మీసాల హెడ్డు ముందుకొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు.

"తాళం వేసింది నేనే. ఎవరో ఒకరు దొరికారని వేశాను. నువ్వు అబద్ధం చెప్పట్లేదని ఆ రాత్రే తెలిసింది నాకు. తీయాలంటే నామోషీ అనిపించింది." ఆగాడు. "తప్పే."

తలుపు తెరుచుకుంది. మా వాడు ఆయన్ని కింది నుంచి పైకి చూశాడు. కొక్కేనికి వేలాడుతున్న తెల్లగుడ్డ తీసి రెండుసార్లు దులిపాడు. తన కుర్చీకేసి తల ఆడించి, "కూర్చోండి" అన్నాడు.

మీసాల హెడ్డు కూర్చున్నాడు. కూర్చోక ఏం చేస్తాడు, వీధి వీధంతా చూస్తోంది. మా వాడు గుడ్డ కట్టాడు, నురుగు పట్టించాడు, కత్తి తోలు మీద సాన పట్టాడు. గడ్డం కింద వేలు ఆనించి తల వెనక్కి వంచినప్పుడు హెడ్డు గొంతుముడి పైకీ కిందికీ ఆడింది. నా కొడుకు చెయ్యి నాకు తెలుసు. అయినా అప్పుడు ఆ చేతిలో ఏముందో నేనూ ప్రమాణం చేసి చెప్పలేకపోయేవాణ్ణి.

ఒక చెంప అయింది. రెండో చెంప అయింది. మెడ మీద కత్తి మెల్లగా, శుభ్రంగా, ఒక్క గీత పడకుండా నడిచింది. అప్పుడు మా వాడు కత్తి ఎత్తి, ఏ బేరానికైనా అడిగే మాట అడిగాడు.

"మీసం ఉంచాలా?"

దర్జీ బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. హెడ్డు అద్దంలో తన మీసాల కేసి చూసుకున్నాడు, తరవాత అద్దంలోనే మా వాడి కళ్ళలోకి చూశాడు.

"నీ ఇష్టం బాబూ" అన్నాడు.

మా వాడు కత్తి పక్కన పెట్టి చిన్న కత్తెర తీశాడు. ఎడమవైపు మీసం కుడివైపు కన్నా కాస్త కిందికి జారి ఉంటుంది ఆయనకి, ఎన్నేళ్ళుగానో అంతే. దాన్ని సరిచేసి రెండూ సమం చేశాడు. గుడ్డ విప్పి, మెడ మీద వెంట్రుకలు దులిపి వదిలాడు.

తరవాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "నేను చూసింది చెబుతాను. స్టేషన్‌కి మాత్రం రాను. ఇక్కడే, అందరి ముందూ చెబుతాను."

"ఇక్కడే రాసుకుంటాను" అని ఇన్‌స్పెక్టరు బెంచీ మీద చోటు చేసుకుని కాగితాలు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

మా వాడు చెప్పాడు. మెకానిక్ షెడ్డు పగిలిన రోజు తెల్లవారుజామున నీళ్ళ డబ్బాలు వేసే వ్యాను సందులోంచి వచ్చిందట. వెనక ఎర్రదీపం ఒకటే వెలుగుతోందట. ఆ వేళ ఖాళీ డబ్బాలతో వెళ్ళే బండి ఎగిరెగిరి పడాలి గానీ, అంత బరువుగా కుంగి పోతుందేమిటా అనుకున్నాడట. సైకిల్ షాపప్పుడు చెప్పబోయిందీ ఇదే వ్యాను గురించట. వాడి మాట పూర్తి కాకముందే మెట్టు మీద నుంచి పండ్లావిడ అందుకుంది. "ఆ వ్యానే! మా ఇంటి వెనక ఆపి డబ్బాల కింద అట్టపెట్టెలు సర్దుతుంటే చూశాను." వ్యాను డ్రైవరు గంపెడు కొత్త ప్యాంటులు తెచ్చి పొడవు తగ్గించమన్నాడని దర్జీ అన్నాడు, "అన్నీ ఒకే కంపెనీవి సార్, అనుమానం వచ్చింది, నోరు మూసుకున్నాను." తలా ఒక ముక్క దాచుకుని కూర్చున్నాం ఇన్నాళ్ళూ. అన్నీ కలిపేసరికి ఒక మనిషి ముఖం తేలింది.

ఇన్‌స్పెక్టరు పేరు పేరునా రాసుకున్నాడు, చదివి వినిపించాడు, తప్పులుంటే దిద్దాడు. అందరికన్నా ముందు సంతకం పెట్టింది నా కొడుకు.

వ్యాను దొరికింది. అందులో మందుల పెట్టెలూ దొరికాయి. కాపలా ముసలాయన తలకట్టుతోనే వచ్చి మా వాడి కుర్చీలో కూర్చుని, కట్టు తగలకుండా గడ్డం గీయించుకుని పోయాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. ఆ కుర్చీ మాట ఆ కుర్చీది.

తొలకరి జల్లులు పడుతున్న రోజుల్లో కోర్టులో విచారణ మొదలైంది. షాపు మూసి నేనూ వెళ్ళాను. వీధిలో సగం మంది వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. మా వాడు బోనెక్కాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, రెండు చేతులతో బోను కమ్మీ పట్టుకున్నాడు. నేను ముందుకి వంగి కూర్చున్నాను. మళ్ళీ ఊ, ఊహూ అంటాడేమో అని.

వ్యాను డ్రైవరు తరఫు లాయరు నల్లకోటు సర్దుకుని లేచాడు. "పోలీసులు వారం వారం నీ షాపుకి వస్తారటగా? నువ్వు వాళ్ళ మనిషివే కదా? వాళ్ళు నేర్పిందే చెబుతున్నావు కదా?"

మా వాడు ఆయనకేసి చూశాడు. భుజాలు కాస్త దిగాయి, కుర్చీ పక్కన నిలబడ్డట్టే నిలబడ్డాడు.

"వస్తారండీ. గడ్డం వాళ్ళకీ పెరుగుతుంది కదండీ."

వెనక వరసలు గొల్లుమన్నాయి. వాడు ఆగలేదు. "వాళ్ళు నాకు నేర్పడమేమిటండీ, ఒకసారి నేర్పబోయారు, అదీ చెబుతాను వినండి. నేను నిజం చెబుదామని వెళ్తే ఒక రాత్రంతా లోపల వేశారు. వేసినాయన అదుగో, ఆ తలుపు దగ్గరున్నాడు, మీసాలు చూడండి, సమం చేసింది నేనే. ఆయనే వచ్చి మా షాపులో తప్పని ఒప్పుకున్నాడు. నేను వాళ్ళ మనిషినైతే ఆయన నాకెందుకు ఒప్పుకుంటాడండీ? నేను ఆ వీధి మనిషిని. వ్యాను సంగతంటారా, దాని వెనక దీపం గురించి మీకు మొదటి నుంచీ చెప్పాలి..." అని అందుకున్నాడు. దీపం నుంచి సందులోకి వెళ్ళాడు, సందులోంచి పండ్ల బండి దగ్గరికి వెళ్ళాడు. లాయరు చెయ్యెత్తాడు, ఆగలేదు. లాయరు దగ్గాడు, ఆగలేదు. రాసుకునే గుమాస్తా కలం పక్కన పెట్టి నవ్వుతున్నాడు.

చివరికి జడ్జిగారే బల్ల మీద తట్టారు. "బాబూ, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పండి. మీరు మరీ ఎక్కువ మాట్లాడుతున్నారు."

నేను ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను. పక్కన దర్జీ నా భుజం పట్టుకుని ఊపాడు. నవ్వుతున్నాననుకున్నాడు.

సాయంత్రం వానలో తడుస్తూ ఇంటికొచ్చాను. మా వాడు ఇంకా వీధి మొదట్లోనే ఉన్నాడు, కొట్టు కొట్టుకీ ఆగి లాయరు ముఖం ఎలా పెట్టాడో చెబుతున్నాడు. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమైందండీ? వాణ్ణి ఏమన్నా అన్నారా?"

"జడ్జిగారు అన్నారు. మన వాడు మరీ ఎక్కువ మాట్లాడుతున్నాడన్నారు."

మా ఆవిడ అక్కడే, తడి మెట్టు మీదే కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మళ్ళీ చెప్పండి" అంది.

మళ్ళీ చెప్పాను.